తక్కెడ కింద చింతపండు

పల్స్ ఆక్సీమీటర్ కొంటే డబ్బాలో మడతలు పెట్టిన కాగితం ఒకటి వస్తుంది. దాన్ని ఎవరూ చదవరు. అందులో ఎక్కడో చిన్నక్షరాల్లో "70 నుంచి 100 శాతం వరకు, ±2" అనో "±3" అనో ఉంటుంది. ఈ వ్యాసం ఆ ఒక్క ముక్క గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ ముక్కని అడ్డం పెట్టుకుని ఒక తప్పుని ముప్ఫై ఏళ్ళపాటు "నాయిస్" అని పిలిచి చేతులు దులుపుకున్న వైఖరి గురించి.

సాహిత్యం చదువుకునే చోట ఈ గోలేంటి అనేవాళ్ళకి ముందే ఒక మాట. ఈ వ్యవహారాన్ని మళ్ళీ వెలుగులోకి లాగింది ఇంజనీర్లు కాదు. 2020 ఆగస్టులో "బోస్టన్ రివ్యూ"లో ఒక వ్యాసం వచ్చింది. కవిత్వం, కథలు, రాజకీయ వ్యాసాలు వేసే పత్రిక అది. రాసినావిడ ఏమీ మోరాన్-థామస్, ఆంత్రొపాలజిస్టు. వేలికి పెట్టుకునే ఈ చిన్న యంత్రం నల్లని చర్మం మీద సరిగ్గా చదవట్లేదన్న సంగతి పాత వైద్య పత్రాల్లోనే ఉందనీ, ఎవరూ పట్టించుకోలేదనీ ఆవిడ రాశారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్లు ఆ వ్యాసం చూసి తమ ఆసుపత్రి రికార్డులు తిరగేశారు. ఆ డిసెంబరులో "న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్"లో వాళ్ళ ఉత్తరం అచ్చయింది. అంటే ఒక వ్యాసం, మనం రాసుకునేలాంటి వ్యాసం, ఒక యంత్రాన్ని బోనెక్కించింది. కాబట్టి ఇది మన పని కాదనకండి.

ముందు యంత్రం సంగతి చూద్దాం. వేలికి తొడిగే ఆ క్లిప్పులో ఒకవైపు రెండు ఎల్ఈడీలుంటాయి. ఒకటి ఎర్రకాంతి, 660 నానోమీటర్ల దగ్గర. రెండోది కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్, 940 దగ్గర. అవతలివైపు కాంతిని కొలిచే ఫోటోడయోడ్. ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్ ఎర్రకాంతిని ఎక్కువగా వదిలేసి ఇన్‌ఫ్రారెడ్‌ని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ సరిగ్గా దీనికి తిరగేసి. రెండు కాంతులూ ఎంతెంత తగ్గి అవతల తేలాయో పోల్చి చూస్తే ఆక్సిజన్ శాతం తెలుస్తుంది. రక్తం తీయకుండా రక్తంలోని రసాయనాన్ని వెలుగుతో చదవడం అన్నమాట. అద్భుతమైన ఆలోచన, సందేహం లేదు.

కానీ వేలంటే రక్తం ఒక్కటే కాదు కదా. చర్మం, కొవ్వు, ఎముక, సిరల్లో రక్తం, గోరు, గోరు మీద రంగు, అన్నీ కాంతిని తింటాయి. అవతలికి చేరిన కాంతిలో గుండె కొట్టుకున్నప్పుడల్లా అలలా మారే భాగం ఒకటి రెండు శాతం ఉంటే గొప్ప. వేళ్ళు చల్లబడితే అది కూడా ఉండదు. కావలసిన కబురంతా ఆ చిన్న అలలోనే ఉంటుంది. మిగతాదంతా యంత్రం దాటుకుని పోవాల్సిన చెత్త.

ఆ అల విలువ మొదట పసిగట్టినవాడు తకువో అయొయగి. టోక్యోలోని నిహాన్ కోడెన్ కంపెనీలో ఇంజనీరు. 1970ల మొదట్లో ఆయన చేస్తున్న పని వేరు. రక్తంలోకి ఒక రంగుద్రవం ఎక్కించి, చెవితమ్మె గుండా కాంతి పంపి, ఆ రంగు ఎంత వేగంగా పలచబడుతోందో చూసి గుండె ఎంత రక్తం తోడుతోందో లెక్కగట్టాలని ఆయన ప్రయత్నం. గీత నున్నగా రావాలి. కానీ నాడి కొట్టుకున్నప్పుడల్లా గీత వణికేది. ఆ వణుకు ఆయనకి తలనొప్పి. దాన్ని చెరిపేయడానికి రెండో తరంగదైర్ఘ్యంలో కూడా కాంతి పంపి, ఒకదాన్ని ఇంకోదానితో కొట్టేయించారు. బాగానే పనిచేసింది. ఒక్క చోట మాత్రం బెడిసింది: రక్తంలో ఆక్సిజన్ మారినప్పుడు వణుకు పూర్తిగా చెరగట్లేదు. ఇంకొకరైతే పరికరానికి ఇంకో ఫిల్టర్ బిగించి ఊరుకునేవారు. అయొయగి ఆగి ఆలోచించారు. చెరగని ఆ వణుకులోనే ఆక్సిజన్ లెక్క ఉందని గ్రహించారు. 1974లో ఆయన దాన్ని జపాన్‌లో ప్రకటించారు. 2020 ఏప్రిల్‌లో, ఆయన యంత్రం కోసం ప్రపంచమంతా ఎగబడుతున్న రోజుల్లోనే, ఎనభై నాలుగో ఏట కన్నుమూశారు.

ఈ కథని ఇంజనీరింగ్ కాలేజీల్లో చెప్పాలి. మాకు సిగ్నల్ ప్రాసెసింగ్ నేర్పినప్పుడు సిగ్నల్ ఒక వైపు, నాయిస్ ఒక వైపు, మధ్యలో ఒక ఫిల్టర్ బొమ్మ గీశారు. ఏది సిగ్నలో ఏది నాయిసో ప్రకృతే ముందుగా విడదీసి పెట్టినట్టు. అలా ఏమీ ఉండదు. మనకి ఏం కావాలో ముందు నిర్ణయించుకుంటాం, మిగిలినదానికి నాయిస్ అని పేరు పెడతాం. నాయిస్ అనడం ఒక తీర్పు. తీర్పు అన్నాక ఎవరిచ్చారు, ఎవరి మీద ఇచ్చారు అని అడగొచ్చు.

నేను నాయిస్‌ని రొద అంటాను. రొద నిజంగా ఉంటుంది, అందులో కుట్ర ఏమీ లేదు. కాంతి ఫోటాన్లుగా, గింజల్లా వస్తుంది. రేకుల కప్పు మీద చినుకుల్లాగా, ఒక క్షణంలో పడినన్ని ఇంకో క్షణంలో పడవు. సగటున వంద ఫోటాన్లు పడే చోట పది అటూ ఇటూ అవుతాయి. పదివేలు పడితే వంద అటూ ఇటూ. అంటే మొదటి దాంట్లో పది శాతం తేడా, రెండో దాంట్లో ఒక్క శాతమే. దీన్ని షాట్ నాయిస్ అంటారు. ఇది కాక సర్క్యూట్‌లోని రెసిస్టర్ల వేడి వల్ల వచ్చే రొద, ట్యూబ్‌లైటు మినుకు, వేలు కదలడం ఉంటాయి. వీటిలో చాలావాటికి మందు ఒకటే: ఎక్కువ కాంతి పంపు, ఎక్కువసార్లు కొలువు, సగటు తియ్యి. వందసార్లు కొలిచి సగటు తీస్తే రొద పదోవంతుకి పడిపోతుంది. ఈ మంత్రం తెలిసినవాడికి రొద అంటే భయం ఉండదు.

కానీ సగటుకి లొంగని తప్పు ఇంకోటుంది. మన సంతల్లో దాన్ని చదువురాని ముసలమ్మ కూడా గుర్తుపట్టేది. తక్కెడ గాలికి ఊగితే అది రొద. కాస్త ఆగి చూడొచ్చు, రెండుసార్లు తూయించుకోవచ్చు. తక్కెడ పళ్ళెం అడుగున చింతపండు ముద్ద అంటించి ఉంటే? పదిసార్లు తూచినా, వెయ్యిసార్లు తూచినా అంతే. సగటు తీసేకొద్దీ తప్పుడు తూకమే మరింత కచ్చితంగా తేలుతుంది. గణాంకశాస్త్రంలో దీన్ని బయాస్ అంటారు. మొగ్గు అందాం. రొదది ఊగే గుణం, మొగ్గుది ఒరిగే గుణం. మొదటిదానికి ఓపిక చాలు. రెండోదానికి పళ్ళెం తిరగేసి చూడాలి.

ఇప్పుడు చర్మం దగ్గరికి వద్దాం. మెలనిన్ ఇన్‌ఫ్రారెడ్ కన్నా ఎర్రకాంతిని ఎక్కువ పీల్చుకుంటుంది. సిద్ధాంతం ప్రకారం ఇది సమస్య కాకూడదు. ఎందుకంటే యంత్రం నాడితో పాటు మారే అలని, మారని మొత్తం కాంతితో భాగిస్తుంది. చర్మం రంగు గుండె కొట్టుకున్నప్పుడల్లా మారదు కాబట్టి భాగహారంలో కొట్టుకుపోవాలి. కాగితం మీద కొట్టుకుపోతుంది కూడా. అయితే ఎల్ఈడీ ఒకే ఒక్క తరంగదైర్ఘ్యం ఇవ్వదు, చుట్టుపక్కల కొన్ని నానోమీటర్ల మేర పరుచుకున్న కాంతి ఇస్తుంది. దాంట్లో ఒక పక్కని మెలనిన్ ఎక్కువ మింగేస్తే లోపలికి వెళ్ళే కాంతి రంగే కాస్త జరుగుతుంది. పైగా వేల్లో కాంతి తిన్నగా పోదు, గుద్దుకుంటూ చెదిరిపోతూ పోతుంది. చర్మాన్ని బట్టి అది తిరిగే దారి మారుతుంది. కాలేజీలో నేర్పే బీర్-లాంబర్ట్ సూత్రం ఈ వేలికి నేరుగా వర్తించదని తయారీదారులకి మొదటినుంచీ తెలుసు. అందుకే సూత్రంతో లెక్కగట్టరు. ఆరోగ్యంగా ఉన్న కొందరు వాలంటీర్లకి ఆక్సిజన్ తగ్గించిన గాలి పీల్పించి, రక్తంలో శాతాన్ని 70 దాకా దించుతూ, ధమని రక్తాన్ని తీసి కొలిచి, యంత్రం చూపించే నిష్పత్తికి ఎదురుగా ఆ శాతాన్ని రాసుకుని పట్టిక తయారు చేస్తారు. మీ వేలికి తొడిగిన యంత్రం లోపల ఉన్నది ఆ పట్టికే. అంటే మీ రక్తం గురించి అది చెప్పే ప్రతి అంకె, ఎన్నడూ చూడని కొద్దిమంది మనుషులతో మిమ్మల్ని పోల్చి చెప్పేదే.

ఆ కొద్దిమంది ఎవరు? అమెరికా ఎఫ్‌డీఏ 2013లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం కనీసం పదిమంది ఉండాలి. వాళ్ళలో ముదురు రంగు చర్మం ఉన్నవాళ్ళు కనీసం ఇద్దరు, లేదా మొత్తంలో 15 శాతం, ఏది ఎక్కువైతే అది. పదిమందిలో ఇద్దరు. ముదురు రంగు అంటే ఎంత ముదురో కొలత లేదు. పాసవ్వాల్సిన పరీక్ష: అందరి తప్పులనీ వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కడితే వేలికి పెట్టే యంత్రాలకి 3 శాతం దాటకూడదు. డబ్బాలో కాగితం మీది ± అంకె ఈ జాతిదే. దాని అర్థం "మూడుకి మించి తేడా రాదు" అని కాదు. సుమారు మూడింట రెండు వంతుల రీడింగులు ఆ హద్దులో ఉంటాయని మాత్రమే.

ఈ పరీక్షలో ఉన్న మాయ చూడ్డానికి చిన్న లెక్క చాలు. లెక్క నాది, ఊహించినది, కానీ కూడికలు నిజమైనవి. ఎనిమిది మంది తెల్లవాళ్ళకి మొగ్గేమీ లేదు, రొద మాత్రం 2 శాతం అనుకోండి. వాళ్ళ తప్పుల వర్గాల సగటు 4. ఇద్దరు నల్లవాళ్ళకి అదే 2 శాతం రొద, దానికి తోడు యంత్రం ప్రతిసారీ 4 శాతం ఎక్కువ చూపిస్తోంది. వాళ్ళ వర్గాల సగటు 16 ప్లస్ 4, అంటే 20. పదిమందినీ కలిపితే ఎనిమిది నాలుగ్గళ్ళు 32, రెండు ఇరవైలు 40, మొత్తం 72. పదితో భాగిస్తే 7.2. వర్గమూలం 2.7 లోపే. పాస్. ఆ ఇద్దరినీ విడిగా చూస్తే 20కి వర్గమూలం దాదాపు 4.5. ఫెయిల్. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ అంకెలు దిద్దలేదు. మొగ్గునీ రొదనీ ఒకే కుండలో వేసి కలియబెట్టారంతే. ఆ కుండ మీద "±3" అని చీటీ అంటించారు. చింతపండు ముద్దని గాలి ఊపు ఖాతాలో రాసేశారు.

తెలియక చేశారా అంటే, లేదు. 1990లోనే జుబ్రాన్, టోబిన్ అనే ఇద్దరు వైద్యులు "చెస్ట్" అనే జర్నల్‌లో రాశారు. వెంటిలేటర్ మీదున్న రోగుల్లో, 4 శాతానికి మించిన తేడా తెల్లవాళ్ళ రీడింగుల్లో 11 శాతం చోట్ల వస్తే, నల్లవాళ్ళలో 27 శాతం చోట్ల వచ్చింది. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రయోగశాలలో పరీక్షించి, ఆక్సిజన్ తగ్గేకొద్దీ ముదురు చర్మం మీద యంత్రాలు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తున్నాయన్నారు. 2020 మిషిగన్ లెక్క ఇది: యంత్రం 92 నుంచి 96 మధ్య చూపించిన సందర్భాల్లో, రక్తం తీసి చూస్తే నిజానికి 88 కన్నా తక్కువ ఉన్నవి తెల్లవాళ్ళలో 3.6 శాతం, నల్లవాళ్ళలో 11.7 శాతం. మొదటి హెచ్చరికకీ దీనికీ మధ్య ముప్ఫై ఏళ్ళు. ఈలోపు అదే పరిశ్రమ వేలు వణికితే వచ్చే రొదని అణచడానికి పేటెంట్ల మీద పేటెంట్లు తీసుకుంది. వణుకు అందరి సమస్య కదా మరి.

మొగ్గు ఏ వైపుకో గమనించండి. యంత్రం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తోంది. తక్కువ చూపిస్తే అనవసరంగా ఆసుపత్రికి పరిగెత్తుతాం, డబ్బు దండగ. ఎక్కువ చూపిస్తే ఇంట్లో కూర్చుంటాం. 2021 ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులో అయినా, విజయవాడలో అయినా, మారుమూల మండలంలో అయినా, ప్రతి ఇంట్లో జపించిన అంకె 94. ఇంట్లోనే ఉండమని ప్రభుత్వం ఇచ్చిన సూచనల్లో ఉన్న గీత అది. 94 ఉంటే ఆవిరి పట్టుకుని పడుకో, దాని కింద పడితే బెడ్ కోసం ఫోన్లు చెయ్యి. ఆరు నిమిషాలు నడిచి మళ్ళీ చూడమన్నారు. వాట్సాప్ గ్రూపుల్లో తమ్ముళ్ళు, మేనకోడళ్ళు గంటగంటకీ ఆ అంకె పోస్ట్ చేశారు. నాన్నకి 95, అమ్మకి 96, అత్తయ్యకి 93, వేలు మార్చి చూస్తే 95, హమ్మయ్య. ఒక దేశం మొత్తం ఒక గీత చుట్టూ బతికిన రెండు నెలలవి. గీతకి ఇటూ అటూ మూడు నాలుగు శాతం ఒరిగే తక్కెడతో ఆ గీత గీశాం.

మిషిగన్ 11.7ని తెచ్చి మనకి అతికించుకోమని నేను అనట్లేదు. అమెరికా ఆసుపత్రి రికార్డుల్లో ఉండే జాతి గడి వేరు, చర్మంలో ఉండే మెలనిన్ వేరు. ఆ గడిలో "ఏషియన్" అని రాస్తే జపాన్ ఆయన, ఒంగోలు ఆయన ఒకటైపోతారు. మన ఇళ్ళలోనే ఒక కంచంలో తినే నలుగురికి నాలుగు రంగులుంటాయి. నల్లనయ్య అని దేవుణ్ణి పాడుకుంటూనే పెళ్ళి ప్రకటనలో చామనఛాయ అని సర్దిచెప్పుకునే జాతి మనది. ఏ ఒంటిరంగుకి సంబంధాల దగ్గర ఎంత రేటో మనకి కచ్చితంగా తెలుసు. ఆ ఒంటిరంగు మీద ఆక్సీమీటర్ ఎంత తప్పుతుందో అడిగామా? 2021 జులైలో కేంద్రం ఆక్సీమీటర్ల మీద వ్యాపారుల లాభానికి 70 శాతం హద్దు పెట్టింది. మంచిపనే. ధర గురించి అడిగాం, ధర తగ్గింది. ఎవరి వేళ్ళ మీద లెక్క కట్టారని అడిగి ఉంటే దానికీ ఒక జవాబు రాబట్టేవాళ్ళం. వాడే ముందు గోళ్ళరంగు తుడుచుకోమంటారు. గోళ్ళరంగుకి అసిటోన్ ఉంది. ఎండలో మిరపచేలో ముప్ఫై ఏళ్ళు కాలిన చర్మానికి ఏ ద్రావణం రాయాలి?

ఈ "నాయిస్" అనే మాటతో నాకు స్వయంగా పరిచయం ఉంది. చేతివాచీల్లో గుండె లయ చదివే సాఫ్ట్‌వేర్ మీద కొంతకాలం పనిచేశాను. కంపెనీ పేరు అనవసరం. అవి పచ్చకాంతి వాడతాయి. మెలనిన్ పచ్చకాంతిని ఎరుపు కన్నా ఇంకా ఎక్కువ మింగుతుంది. వచ్చిన ప్రతి సిగ్నల్ ముక్కకీ ఒక నాణ్యత మార్కు వేసి, ఆ మార్కు ఒక స్థాయి కన్నా తక్కువుంటే ఆ ముక్కని పారేసే కోడ్ ఉండేది. ఒక సమావేశంలో ఆ స్థాయిని పెంచి గ్రాఫ్ చూపించారు. తప్పు శాతం భలే తగ్గింది. చప్పట్లు. పారేసిన ముక్కలు ఎవరివి అని అడిగాను. "నాయిస్" అన్నారు. నాయిస్ సరే, ఏ మనుషులవి అన్నాను. డేటాలో చర్మం రంగుకి అసలు కాలమ్మే లేదని తేలింది. లేని కాలమ్ మీద ప్రశ్న ఎలా వేస్తాం? చర్చ అక్కడితో అయిపోయింది. కష్టమైన మణికట్లని లెక్కలోంచి తీసేస్తే మిగిలిన మణికట్ల మీద కచ్చితత్వం పెరుగుతుంది. పదో తరగతిలో ఫెయిలయ్యేవాళ్ళని పరీక్షకే కూర్చోబెట్టని స్కూలుకి నూటికి నూరు శాతం ఉత్తీర్ణత వచ్చినట్టు.

ఇది ఆక్సీమీటర్ దగ్గర ఆగే జబ్బు కూడా కాదు. కాంతితో రక్తంలోని ప్రొటీన్లనీ హార్మోన్లనీ పట్టే బయోసెన్సర్ల పరిశోధన పత్రాలు చూడండి. ప్రతిదాంట్లో శీర్షికకెక్కే అంకె ఒకటుంటుంది, ఎంత తక్కువ మోతాదుని పట్టగలదో చెప్పేది. దాన్ని లెక్కగట్టే మామూలు పద్ధతి ఇది: ఏమీ లేని నమూనాని పదేపదే కొలిచి, ఆ అంకెలు ఎంత ఊగుతున్నాయో చూసి, ఆ ఊపుకి మూడు రెట్లు తీసుకుంటారు. అంతకన్నా పెద్ద సిగ్నల్ వస్తే ఏదో ఉన్నట్టు. రొదని కొలవడానికి ఇది నిజాయితీ గల పద్ధతే. కానీ ఆ ఏమీ లేని నమూనా చాలాసార్లు శుభ్రమైన ఉప్పునీటి ద్రావణం. నిజమైన ప్లాస్మాలో లీటరుకి అరవై నుంచి ఎనభై గ్రాముల ప్రొటీన్లు ఈదుతుంటాయి. సెన్సర్ వెతుకుతున్న అణువు కన్నా కోట్ల రెట్లు ఎక్కువగా. అవి వెళ్ళి సెన్సర్ ఉపరితలానికి అంటుకుంటాయి, అంటుకున్నవన్నీ సిగ్నల్‌లాగే కనిపిస్తాయి. అది ఊగే తప్పు కాదు, ఒరిగే తప్పు. శీర్షికలోని అంకెకి దాని సంగతి తెలియదు. మరుసటి రోజు పేపర్లో "ఒక్క రక్తపు బొట్టుతో" అని వార్త వస్తుంది. మనం షేర్ చేస్తాం.

నాకు రెండు వైపుల నుంచీ అక్షింతలు పడతాయని తెలుసు. ఇంజనీరు మిత్రులు అంటారు: ఏ కొలతకైనా తప్పు ఉంటుంది, హద్దు రాసిచ్చాం కదా, ఇందులోకి రంగునీ కులాన్నీ ఎందుకు లాక్కొస్తావు? నేను లాక్కురాలేదండీ. పదిమందిలో ఎనిమిది మందిని ఎంచుకున్న రోజే రంగు లోపలికి వచ్చింది. దాన్ని వర్గమూలం కింద దాచారు, నేను బయటికి తీసి చూపిస్తున్నా. హద్దు రాసిచ్చారు సరే, ఎవరి హద్దు? ఒక ఊరి సగటు వానపాతం చూపించి, చుక్క పడని చేను రైతుతో నీ చేలో కూడా పడినట్టే అంటే ఊరుకుంటాడా?

రెండో వైపు నా సాహిత్య మిత్రులు. వాళ్ళకి ఈ కథ మరీ నచ్చుతుందేమోనని భయం. చూశారా, సైన్సే తెల్లవాడి కుట్ర, యంత్రమే పక్షపాతి, కొలతలన్నీ అధికారమే అని ఒక కవిత, రెండు సెమినార్లు. ఇది కూడా నాకు సమ్మతం కాదు. ఆక్సీమీటర్ రాకముందు మత్తుమందిచ్చే డాక్టరు రోగి పెదవులు నీలబడుతున్నాయా అని కళ్ళతో చూసేవాడు. నల్లని ముఖం మీద నీలిమ కనిపెట్టడంలో ఆ కన్ను యంత్రం కన్నా అధ్వాన్నం. ఈ యంత్రం ఎన్ని ప్రాణాలు నిలిపిందో లెక్కలేదు. యంత్రం తప్పుతోందని మనకి తెలిసింది కూడా ఇంకో కొలత వల్లనే, ధమనిలోంచి తీసిన రక్తం వల్లనే. కొలతని తిట్టి లాభం లేదు, ఇంకా బాగా కొలవమని అడగాలి. చింతపండు దొరికిందని తక్కెళ్ళనే విరగ్గొడితే రేపటినుంచి షాపువాడు చేత్తో తూస్తాడు.

బాగా కొలవడం సాధ్యమేనా అంటే, ఎప్పుడో మొదలుపెట్టి వదిలేసిన దారి ఒకటుంది. 1970ల్లో హ్యూలెట్-ప్యాకర్డ్ కంపెనీ చెవికి తగిలించే ఆక్సీమీటర్ ఒకటి చేసింది. అది రెండు కాదు, ఎనిమిది తరంగదైర్ఘ్యాల కాంతి వాడేది. ఎన్ని రంగుల్లో చూస్తే చర్మాన్నీ రక్తాన్నీ అంత విడదీసి లెక్కగట్టొచ్చు. బరువైనది, ఖరీదైనది, చెవిని వేడి చేయాల్సి వచ్చేది. రెండు ఎల్ఈడీల క్లిప్పు వచ్చాక అది మార్కెట్ నుంచి మాయమైంది. చవక గెలిచింది. గెలవాల్సిందే, లేకపోతే మన ఇళ్ళదాకా వచ్చేదా? కానీ చవకతో పాటు ఏది వదులుకున్నామో డబ్బా మీద రాయలేదు. 2025 జనవరిలో ఎఫ్‌డీఏ కొత్త ముసాయిదా తెచ్చింది. పదిమంది చోట నూటయాభై మందికి పైగా, చర్మపు రంగుని ఒక స్కేలు మీద గుర్తించి, రంగుల మధ్య తేడాని కూడా చూడాలంటుంది. మొదటి హెచ్చరిక వచ్చిన ముప్ఫై అయిదేళ్ళకి. శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు ఓపెన్ ఆక్సిమెట్రీ అనే ప్రాజెక్టు పెట్టి, కొలతలని అందరికీ అందుబాటులో పెడుతున్నారు. చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చన్నమాట.

మన సంగతేంటి? ఇక్కడ అమ్మే ప్రతి కాంతి సెన్సర్ మీద మూడు ముక్కలు అచ్చు వెయ్యమని అడగాలి: ఎంతమంది మీద పరీక్షించారు, వాళ్ళలో ఏ రంగువాళ్ళు ఎందరు, ఒక్కో రంగుకి విడివిడిగా తప్పెంత, అది ఏ వైపుకి ఒరుగుతుంది. అందరినీ కలిపిన ± అంకె ఇకమీదట చెల్లదనాలి. పరీక్షలు ఇక్కడి వేళ్ళ మీద జరగాలి. మిరపచేలో పనిచేసిన వేళ్ళు, సున్నం బట్టీలో కాలిన వేళ్ళు, ఏసీ గదిలో కీబోర్డు కొట్టే నాలాంటి వాళ్ళ వేళ్ళు, అన్నీ. ఈ అంకెలు ఇచ్చేదాకా, 95 చూపించినా ఆయాసం తగ్గని మనిషిని యంత్రం మాట నమ్మి ఇంట్లో కూర్చోబెట్టొద్దు. ఆయాసం కూడా ఒక రీడింగే.

ఇవన్నీ రాయడానికి డబ్బా మీద చోటెక్కడుందంటారేమో. ఎమ్మార్పీ పక్కన చాలా ఖాళీ ఉంది.